ఐస్‌వైన్ రుచి చూడటం ఎలా: తీపిని దాటి పులుపు దాకా

చిన్నప్పుడు పుల్ల ఐస్ తిన్నవారికి ఐస్‌వైన్ ఎలా తయారవుతుందో సగం తెలిసినట్టే. గట్టిగా చప్పరిస్తే రంగూ తీపీ ముందు నోట్లోకి వచ్చేస్తాయి. చివరికి పుల్లను పట్టుకుని తెల్లటి, రుచీపచీ లేని మంచుముక్క మిగులుతుంది. నీరు గడ్డకట్టేటప్పుడు పంచదారను తనలో ఇముడ్చుకోదు, పక్కకు నెట్టేస్తుంది. చలికాలంలో తీగ మీదే రాయిలా గడ్డకట్టిన ద్రాక్షను, కరగనివ్వకుండా అలాగే పిండితే జరిగేదీ ఇదే. నీరు మంచుముక్కలై తొక్కలతోపాటు వెనకే ఉండిపోతుంది. చిక్కటి రసం మాత్రం బొట్టుబొట్టుగా దిగుతుంది. మామూలుగా వచ్చే రసంలో ఇది ఐదో వంతు కూడా ఉండదు. దాన్ని పులియబెడితే వచ్చేదే ఐస్‌వైన్.

చిక్కబడేది పంచదార ఒక్కటే కాదు, ద్రాక్షలోని పులుపు కూడా. ఐస్‌వైన్ రుచి చూడటమంటే ఆ పులుపును వెతికి పట్టుకోవడం. తీపి ఎలాగూ తనంతట తానే వచ్చి పలకరిస్తుంది, దానికి మన సాయం అక్కరలేదు. పులిహోరలో పులుపు ఒక్క పిసరు తగ్గినా కనిపెట్టేసే నాలుకలు మనవి. ఈ వైన్‌కు కావలసిన శిక్షణలో సగం మనకు ఇంట్లోనే అయిపోయింది.

ఈ పద్ధతి జర్మనీలో మొదలైంది. బింగెన్ సమీపంలోని డ్రోమర్స్‌హైమ్ అనే ఊళ్లో 1829 నాటి పంటను తీగల మీదే వదిలేసి, 1830 ఫిబ్రవరి 11న మంచులో కోసినట్టు నమోదైంది. అయితే తెలుగువారికి ఐస్‌వైన్ ఎదురుపడేది ఎక్కువగా కెనడాలో. టొరంటో చుట్టుపక్కల పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలను నయాగరా జలపాతానికి తీసుకువెళ్లడం దాదాపు ఆనవాయితీ. అక్కడి నుంచి అరగంట దూరంలో నయాగరా ఆన్ ది లేక్ అనే చిన్న ఊరు, దాని చుట్టూ ద్రాక్షతోటలు. తోటల దగ్గరే చిన్న గ్లాసులలో రుచి చూపించే గదులు ఉంటాయి. ఒంటారియోలో 19 ఏళ్లు నిండినవారికే మద్యం అమ్ముతారు. కారు నడపవలసినవారిని ముందే తేల్చుకుని వెళ్లండి.

సీసా మీద ఏం చూడాలి

ముందు పేరు చూడండి. కెనడా వారి పేరునూ జర్మన్లు వాడే పేరునూ తెలుగులో రాస్తే రెండూ ‘ఐస్‌వైన్’ అనే వస్తాయి. సీసా మీది అక్షరాలు మాత్రం వేరు: Icewine, Eiswein. రెండింటికీ చట్టం కాపలా ఉంది. ఒంటారియో సీసా మీద వీక్యూఏ (వింట్నర్స్ క్వాలిటీ అలయన్స్ అనే నాణ్యతా ముద్ర) అనే మూడక్షరాలు ఉంటే, ద్రాక్ష తీగ మీద సహజంగానే గడ్డకట్టిందనీ, ఉష్ణోగ్రత మైనస్ 8 డిగ్రీలకో అంతకంటే కిందికో పడిపోయాకే కోశారనీ, రసం కనీసం 35 బ్రిక్స్ ఉందనీ అర్థం. అంటే వంద గ్రాముల రసంలో దాదాపు 35 గ్రాములు చక్కెరే. జర్మనీలో హద్దు మైనస్ 7 డిగ్రీలు. అంత చలి ఎక్కువగా రాత్రిపూటే దొరుకుతుంది కనుక కోతలూ చాలావరకు రాత్రివేళే.

‘ఐస్డ్ వైన్’ అనో, ‘శీతల ద్రాక్ష’ అనే అర్థం వచ్చే మరో ముద్దుపేరో కనిపిస్తే అది చాలావరకు మామూలు ద్రాక్షను కోశాక శీతల గిడ్డంగిలో గడ్డకట్టించి తీసినది. అది తాగరానిదేమీ కాదు, చవక కూడా. కాని ఐస్‌వైన్ ధర పెట్టి మాత్రం కొనకండి. తీగ మీద నెలల తరబడి ఉన్న ద్రాక్ష ఎండుతూ, గడ్డకడుతూ, కరుగుతూ, మళ్లీ గడ్డకడుతూ తెచ్చుకునే రుచి వేరు. ఆ నెలల్లో తోటవాళ్లు పడే పాట్లూ వేరే. నయాగరాలో ఇన్నిస్కిల్లిన్ సంస్థ 1983లో ఉంచిన పంటను పక్షులు ఆరగించేశాయి. మరుసటి ఏడు వలలు కట్టి కాపాడుకున్నారు. విడాల్ అనే ద్రాక్షతో చేసిన వారి 1989 నాటి ఐస్‌వైన్ 1991లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో జరిగిన వినెక్స్‌పో అనే వైన్ ప్రదర్శనలో అత్యున్నత పురస్కారం గెలిచాకే ప్రపంచం కెనడా వైపు చూసింది. మరోవైపు, 2019 పంటకు జర్మనీలో ఏ ప్రాంతంలోనూ చాలినంత చలి పడలేదు. ఆ ఏడాది ఐస్‌వైన్ లేకుండానే గడిచిపోయింది.

సీసా మీద ఉండే సంవత్సరం ద్రాక్ష కాసిన సంవత్సరం. కోత మరుసటి జనవరిలో జరిగినా పాత ఏడే వేస్తారు.

ఇక ద్రాక్ష రకం. విడాల్ అనేది ఫ్రాన్స్‌లో పుట్టిన సంకర రకం. తొక్క మందం కాబట్టి చలికి పగలదు. కెనడాలో ఎక్కువగా దొరికేది ఇదే. రీస్లింగ్ జర్మన్ల సొంత ద్రాక్ష, పులుపు ఎక్కువ. కాబెర్నే ఫ్రాంక్ ఎర్ర ద్రాక్ష. దీనితో చేసిన వైన్ లేత ఎరుపులోనో, దానిమ్మ గింజల రంగులోనో ఉంటుంది. నా మాట వింటే మొదటిసారే పెద్ద సీసా కొనకండి. ఐస్‌వైన్‌కు పెద్ద సీసా అంటే మామూలు వైన్‌కు అర సీసా, 375 మిల్లీలీటర్లు. 200 మిల్లీలీటర్ల సీసాలు ఉన్నాయి. 50 మిల్లీలీటర్ల బుల్లి సీసాలు కూడా దొరుకుతాయి. విడాల్ ఒకటి, రీస్లింగ్ ఒకటి తెచ్చుకుని పక్కపక్కన పెట్టి చూడటం కంటే మంచి పాఠం లేదు. విమానంలో తెచ్చుకునేటట్టయితే బట్టల మధ్య చుట్టి పెద్ద పెట్టెలో సర్దండి. 100 మిల్లీలీటర్లు దాటిన సీసాను భద్రతా తనిఖీ దగ్గర చేతిసంచిలో నుంచి తీయించేస్తారు.

చల్లదనం, గ్లాసు

పేరులో ఐస్ ఉందని ఐసు ముక్కలు వేయకండి. ఫ్రిజ్‌లో నుంచి తీసిన వెంటనే కూడా తాగకండి. నాలుగైదు డిగ్రీల చలిలో వాసన ముడుచుకుని కూర్చుంటుంది, నాలుకకు తీపి తప్ప మరేమీ తెలియదు. వేడెక్కితే ఇంకో బాధ. పాకం నోట్లో పోసుకున్నట్టు ఉంటుంది. 10 నుంచి 12 డిగ్రీలు సరైన చోటు. రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టి, తాగడానికి పావుగంట ముందు బయటికి తీస్తే చాలు. మే నెల విజయవాడలో అయితే ఐదు నిమిషాలే ఎక్కువ.

గ్లాసు విషయంలో చాలామంది చేసే పొరపాటు బొటనవేలంత గ్లాసులో అంచు దాకా నింపడం. వాసన చేరడానికి చోటే ఉండదు. మామూలు తెల్ల వైన్ గ్లాసు, అడుగు కాస్త వెడల్పుగా, మూతి కాస్త ఇరుకుగా ఉన్నది తీసుకోండి. అందులో అడుగున మూడు నాలుగు పెద్ద చెంచాలకు సరిపడా, అంటే 45 నుంచి 60 మిల్లీలీటర్లు పోస్తే అది ఒకరికి నిండు వడ్డన. గ్లాసును కాడ దగ్గర పట్టుకోవాలి, లేకపోతే చేతి వేడి తగులుతుంది. ఎవరి గ్లాసు వారిదే. ఎంగిలి పట్టింపు లేకపోయినా ఇద్దరు ఒకే గ్లాసు పంచుకుంటే ఎవరికీ సరిగ్గా రుచి తెలియదు.

షుగరు ఉన్నవారికి ఒక మాట. పులియబెట్టాక కూడా ఐస్‌వైన్‌లో లీటరుకు 200 గ్రాముల దరిదాపుల్లో చక్కెర మిగలడం మామూలే. కోలా పానీయాల్లో అది సుమారు 110. ఒక్క చిన్న వడ్డనలోనే రెండు టీ చెంచాల పంచదార ఉన్నట్టు లెక్క వేసుకోండి.

కంటితో

దీనికి ఎక్కువ సమయం అక్కరలేదు. తెల్ల కాగితం మీద గ్లాసు వంచి చూడండి. కొత్త రీస్లింగ్ లేత గడ్డి రంగులో, విడాల్ పసిడి రంగులో ఉంటాయి. వయసు పెరిగే కొద్దీ రంగు తేనె వైపు, తర్వాత తాటిబెల్లం వైపు వెళుతుంది. కొత్త సీసాలోనే ఆ ముదురు గోధుమ రంగు కనిపిస్తే గాలి తగిలి పాడైందేమోనని అనుమానించండి. గ్లాసు తిప్పితే గోడల మీద ధారలు మెల్లగా జారుతాయి. వాటిని చూపించి నాణ్యత గురించి ఉపన్యాసం ఇచ్చేవాళ్లుంటారు. చక్కెర, ఆల్కహాలు ఉన్నాయని తప్ప ఆ ధారలు చెప్పేదేమీ లేదు.

ముక్కుతో

గ్లాసును కదపకుండా ఒకసారి, గుండ్రంగా తిప్పి ఒకసారి వాసన చూడండి. గాఢంగా పీల్చనక్కరలేదు. పువ్వును వాసన చూసినట్టు చిన్నగా రెండు మూడుసార్లు పీల్చి, ముక్కు పక్కకు తీసి, మళ్లీ చూడండి. ఒకే బిగిన పీలిస్తే ముక్కు అలసిపోతుంది.

పుస్తకాలన్నీ పీచ్, ఆప్రికాట్ అని రాస్తాయి. అవి మనం ఎరుగని పండ్లు కావు గాని, ఆ వాసనలతో పెరిగినవాళ్లం కాదు. కాబట్టి మీ జ్ఞాపకంలోని పండ్లే వెతుక్కోండి. విడాల్‌లో నాకు బాగా ముగ్గిన మామిడి ముచ్చిక దగ్గరి వాసన, అనాస, లీచీ, కాస్త పనస తొన తగులుతాయి. వెనక తేనె. రీస్లింగ్‌లో నిమ్మ తొక్క గిల్లినప్పటి ఘాటు, పచ్చి ఆపిల్. కాబెర్నే ఫ్రాంక్‌లో స్ట్రాబెర్రీ జామ్. మీకు సపోటా తోస్తే సపోటా అనే రాసుకోండి, తప్పేమీ కాదు. చిన్న కాగితం మీద ఆ రెండు ముక్కలూ రాసుకోవడం మాత్రం మానకండి. మూడో గ్లాసు దగ్గరికి వచ్చేసరికి మొదటిది గుర్తుండదు.

కంగారు పెట్టే వాసనలు కొన్ని ఉన్నాయి. పాతబడిన రీస్లింగ్‌లో కిరోసిన్ ఛాయ వస్తుంది. అది దోషం కాదు, ఆ ద్రాక్ష స్వభావం. చాలామంది దాని కోసమే ఏళ్ల తరబడి దాచుకుంటారు. గోళ్ల రంగు సీసా మూత తీసినప్పటి వాసన లీలగా ఉంటే సరిపెట్టుకోవచ్చు. అంత చిక్కటి చక్కెరలో ఈస్టు నానా అవస్థ పడి, మామూలు వైన్‌లో కంటే ఎక్కువగా వెనిగర్ ఆమ్లాన్ని పుట్టిస్తుంది. ఆ వాసన పండ్ల వాసనను మింగేస్తుంటే మాత్రం ఆ సీసా బాగాలేనట్టే. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే కార్కు చెడింది, కొన్నచోట మార్చి ఇమ్మని అడగండి. బూజు వాసన కూడా దీనికి పనికిరాదు. ఫ్రాన్స్‌లో సోటెర్న్, హంగరీలో తొకాయ్ వైన్‌లకు ద్రాక్షకు పట్టే ఒక రకం బూజే ప్రాణం. వాటిలోని కుంకుమపువ్వు, పుట్టతేనె ఛాయలు దాని చలవే. ఐస్‌వైన్‌కు మాత్రం బూజు సోకని శుభ్రమైన ద్రాక్ష కావాలి. అందుకే ఇందులో పండు వాసన అంత స్వచ్ఛంగా పలుకుతుంది.

నోటితో

ఇక్కడే తొందరపడకూడదు. నేను మొదటిసారి పడిన పొరపాటు చెబుతాను. టొరంటో దగ్గర మా పిన్ని కొడుకు ఇంట్లో భోజనాలయ్యాయి. రెండు గులాబ్ జామూన్లు తిన్నాక, ‘అన్నయ్యా, ఇది తీపి వైన్, స్వీటుతో బాగుంటుంది’ అని చిన్న గ్లాసులో పోసి ఇచ్చాడు. ఒక్క గుక్కలో తాగేశాను. నిమ్మరసంలో నీళ్లు కలిపినట్టు పలచగా, పుల్లగా తగిలింది. ఇంత ధర పెట్టి కొన్నది ఇందుకా అనుకున్నాను, మర్యాదకు పైకి అనలేదు. జామూన్ల పాకం నాలుకను ముందే ఆక్రమించేసింది, వైన్‌లోని తీపికి చోటు దక్కలేదు. మర్నాడు ఉదయం అదే సీసాలో మిగిలినదాన్ని ఉత్తి నోటితో రెండు చెంచాలు చూస్తే అది వేరే వైన్.

కాబట్టి ముందు చల్లగా లేని మంచినీళ్లతో నోరు కడుక్కోండి. ఒక చెంచాడు మాత్రమే నోట్లోకి తీసుకుని వెంటనే మింగకుండా నోరంతా తిప్పండి. నాలుక కొసకు తీపి, పక్కలకు పులుపు అని బడిలో చూపించిన పటం నిజం కాదు, అన్ని రుచులూ నాలుకంతటా తెలుస్తాయి. కాబట్టి ఎక్కడ తెలుస్తోందో వెతకకండి, ఎప్పుడు తెలుస్తోందో చూడండి. తీపి మొదటి క్షణంలోనే వస్తుంది. దాన్ని పట్టించుకోకుండా మనసులో మూడు, నాలుగు లెక్కపెట్టండి. దవడల వెనక జివ్వుమని నీరూరుతుంది, పచ్చి మామిడికాయ ముక్కను చూస్తే ఊరినట్టు. మీరు వెతుకుతున్నది అదే. ఇప్పుడు పెదవులు కాస్త తెరిచి, వేడి కాఫీ జుర్రినట్టు కొంచెం గాలి లోపలికి పీల్చండి. చప్పుడవుతుంది, ఫరవాలేదు. ముక్కుతో చూసిన పండ్లన్నీ గొంతు వెనక నుంచి మళ్లీ పలకరిస్తాయి.

మన కావ్యాల గురించి చెప్పేటప్పుడు ద్రాక్షాపాకం, నారికేళపాకం అంటారు. మొదటిది నోట్లో వేసుకోగానే రసం ఇచ్చేది, రెండోది పీచు ఒలిచి, చిప్ప పగలగొడితేగాని అందనిది. ఐస్‌వైన్ పుట్టుకతో ద్రాక్షే అయినా పాకం మాత్రం నారికేళమని నా అభిప్రాయం. తీపి దాని చిప్ప.

మింగాక, లేదా ఉమ్మాక, మళ్లీ లెక్కపెట్టండి. రుచి గదుల్లో ఉమ్మడానికి ప్రత్యేకంగా గిన్నె పెడతారు. అక్కడ అది అమర్యాద కాదు. నాలుగు రకాలు చూడదలిస్తే ఉమ్మకపోతే మూడో రకం దగ్గరే తీర్పులన్నీ ఉదారంగా మారిపోతాయి. మంచి ఐస్‌వైన్ రుచి అర నిమిషం దాటి కూడా నిలుస్తుంది. అసలు పరీక్ష అందులోనే ఉంది. చివర మిగిలింది ఉత్తి జిగటే అయితే, నీళ్లు తాగాలనిపిస్తే, అందులో పులుపు చాలలేదు. రెండో గుక్కకే మొహం మొత్తుతుంది. నోరు శుభ్రంగా ఉండి, ఇంకో చెంచాడు కావాలనిపిస్తే తీపీ పులుపూ సరిగ్గా తూగాయన్నమాట. మామూలు తెల్ల వైన్‌లో లీటరుకు ఆరేడు గ్రాముల ఆమ్లం ఉంటే, ఐస్‌వైన్‌లో పదికి అటూ ఇటూ ఉంటుంది. ఆ పది గ్రాములే రెండొందల గ్రాముల చక్కెరను మోస్తున్నాయి.

కాబెర్నే ఫ్రాంక్‌లో ఇంకొకటి కూడా గమనించండి. చివర్లో లేత వగరు, నేరేడు పండు తిన్నాక నాలుక మీద మిగిలేలాంటిది. అది తొక్కల నుంచి వచ్చినది. నాకు ఇష్టమే గాని, మొదటి పరిచయానికి సిఫారసు చేయను.

పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు

రీస్లింగ్, తర్వాత విడాల్, ఆఖరున ఎర్రది. తీపి లేని వైన్‌లు కూడా ఉంటే అవన్నీ అయ్యాకే ఐస్‌వైన్ జోలికి వెళ్లండి. మధ్యమధ్య నోరు శుభ్రపడటానికి అక్కడ ఉప్పులేని బిస్కెట్లో, ఉత్తి రొట్టెముక్కలో ఇస్తారు. ఇంట్లో అయితే మరమరాలను మించినవి లేవు.

తోడుగా ఏం తినాలి

గులాబ్ జామూన్ కథ తర్వాత మొదటి సూత్రం మీకే తెలిసిపోయి ఉంటుంది. పక్కన పెట్టే తీపి వైన్ కంటే తక్కువ తీపిగా ఉండాలి. ఆ లెక్కన కాజా, జిలేబీ, బొబ్బట్టు అన్నీ అవతల పెట్టాల్సినవే. పండ్లు నయం. కాస్త పులుపు మిగిలిన మామిడి ముక్క, అనాస ముక్క బాగా కలుస్తాయి.

కాని దీనికి అసలు జోడు తీపి కాదు, ఉప్పూ కొవ్వూ. పాశ్చాత్యులు నీలి చారల జున్నుతో (బ్లూ చీజ్‌తో) తింటారు. ఆ జున్ను వాసనను మొదటిసారి భరించడం మనలో చాలామందికి కష్టమే. చిటికెడంత వైన్‌తో కలిపి చూస్తే ఎందుకు తింటారో అర్థమవుతుంది. అంత సాహసం వద్దనుకుంటే నేతిలో వేయించి ఉప్పు, మిరియాల పొడి చల్లిన జీడిపప్పు చాలు. నా ఓటు మాత్రం వెన్న వేసి చేసిన జంతికలకు. ఉప్పగా, కరకరలాడుతూ, నువ్వుల వాసనతో ఉండే జంతిక ఒక ముక్క, ఆ వెంటనే అర చెంచా విడాల్. మా ఇంట్లో పండగ పిండివంటల డబ్బా తెరిచినప్పుడు తెలిసిన సంగతి ఇది, ఏ వైన్ పుస్తకంలోనూ చూడలేదు. కారాన్ని కూడా తీపి కాస్త అణుస్తుంది. అలాగని ఆవకాయ దాకా వెళ్లకండి, పండ్ల వాసన పూర్తిగా కొట్టుకుపోతుంది.

తాగనివారి కోసం

మద్యం ముట్టనివారు కూడా ఈ చిక్కబడటం ఏమిటో నాలుకతో తెలుసుకోవచ్చు. చక్కెర కలపని ద్రాక్షరసాన్ని ప్లాస్టిక్ సీసాలో ముప్పాతిక వంతు పోసి, పూర్తిగా గడ్డకట్టేదాకా ఫ్రీజర్‌లో ఉంచండి. మూత తీసి సీసాను గ్లాసు మీద బోర్లించండి. ముందుగా కరిగి కారే ముదురు రసాన్ని మాత్రం పట్టుకోండి. మొదటి పావు వంతు రుచి చూడండి, తర్వాత సీసాలో మిగిలిన పాలిపోయిన మంచును చూడండి. తీపితోపాటు పులుపూ ఎంత పెరిగిందో తేడా తెలిసిపోతుంది. పిల్లలకు సెలవుల్లో చూపించదగ్గ పని.

మిగిలిన సీసా

మూత బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టండి. అంత చక్కెరా పులుపూ ఉన్నాయి కనుక మామూలు వైన్‌లా రెండు రోజుల్లో చచ్చిపోదు. వారం రోజులు నిశ్చింతగా ఉంటుంది, ఆపై పండ్ల వాసన మెల్లగా తగ్గుతుంది. తెరవని సీసాల్లో విడాల్‌ను నాలుగైదేళ్ల లోపు తాగేయడం మంచిది. దాచుకోవాలన్న కోరిక ఉంటే రీస్లింగ్ దాచండి, చల్లటి చీకటి చోట.

చివరిగా, గ్లాసు వెంటనే కడిగేయకండి. అడుగున ఆరిపోయిన పలచటి పొరను మర్నాడు పొద్దున వాసన చూస్తే, ముందురోజు దొరకని ఎండు ఖర్జూరం, బెల్లం ఛాయలు దొరుకుతాయి. మన ఇళ్లలో అయితే ఆ వాసన మీకంటే ముందు చీమలు కనిపెడతాయి. గ్లాసును నీళ్ల పళ్లెంలో పెట్టి, పైన సాసరు బోర్లించి పడుకోండి.